వెనక్కి జరిగిన పట్టీ

భరణి కార్తె, ఆదివారం

పనిగోడకు పొద్దున్నే చెమట పట్టింది. పాత బొగ్గుగనిలో ఊరు కట్టుకుంటే గోడలు చెమర్చక ఏం చేస్తాయి! పొడిగుడ్డతో తుడిచి, తడికి చెరిగిపోయిన కార్తెల గీతలు మళ్ళీ గీశాను. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. అన్నీ సున్నపు గీతలే, రోహిణి ఒక్కటే ఎర్రమట్టితో నా బొటనవేలంత మందంగా ఉంటుంది.

గోడ కాపరి రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని మా ఊరి పద్ధతి. నాకు నాలుగు ముక్కల్లో చెప్పడం చేతకాదు. కౌసల్యక్క నోరు తెరిస్తే మూతపడదని ఊరంతా అంటుంది, అనుకోనీ.

పక్క గని నుంచి కొత్తగా వచ్చిన కోడలు నీళ్లబిందె చంకన పెట్టుకుని గోడ ముందు నిలబడి నవ్వింది. “ఇంత పెద్ద ఊరికి పని లెక్క చూపే తెర ఒక్కటి లేదా అక్కా? ఈ గుడ్డపేలికలేంది?” అంది. నాకు ఒళ్లు మండింది. “మా అమ్మమ్మ కాలంల ఉండె తెర. దానంతట అదే లెక్క చేసుకొని, పని అయిందని దానంతట అదే పచ్చగ వెలిగేది. పచ్చగున్నదని తూర్పు సొరంగంలకు జనాన్ని పంపిన్రు. కప్పు కూలింది. మా అమ్మమ్మ చెల్లెలు ఇప్పటికి ఆ మట్టికిందనే ఉన్నది. నవ్వుతవేంది?” అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. తరవాత కూర్చోబెట్టి చెప్పాను.

ఒక్కో జట్టుకు గోడ మీద ఒక్కో వరుస. వరుస పొడుగునా మేకులు, ఏ మేకు ఎప్పటికి చేరాలో తెలిసేట్టు వాటి మధ్య నిలువుగా కార్తెల గీతలు. జట్టు పెద్ద తను తొడిగి విడిచిన బట్టలోంచి ఒక పట్టీ చింపి మేకుకు కడతాడు. పని ఒక మెట్టు సాగితే తన చేత్తోనే ఒక మేకు ముందుకు జరుపుతాడు. ఆ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాన్ని ముట్టదు, కాపలా కాసే నాదైనా సరే. పై వరుస పట్టీ చివరి మేకు చేరందే కింది వరుసవాళ్లు తమ ఆఖరి పనికి దిగరు. నోటిమాట మీద ఏ పనీ మొదలుకాదు, ఏ పనీ ఆగదు.

ఈ ఏడు గోడంతా ఒకటే పని, కింది వాడకు గాలి బావి. ఎండ పడే పైనేల నుంచి ఓదెలన్న జట్టు బావి గోడకు రాతికట్టు కట్టుకుంటూ దిగుతోంది. కింద నుంచి నా తమ్ముడు సదానందం జట్టు రాయి పేల్చుకుంటూ ఎక్కుతోంది. నడుమ ఇంకా కొంత రాయి ఉంది కాబట్టి ఒకరి పని ఒకరికి కనబడదు. ఇద్దరికీ కనబడేది ఈ గోడే. రాతికట్టు పూర్తిగా అయ్యాకే ఆ నడిమి రాయిని పేల్చాలి. ముందే పేలిస్తే బావి పక్కలు విరిగి సదానందం జట్టు మీద పడతాయి.

ఇదంతా రోహిణిలోపు అయిపోవాలి. రోహిణిలో కింది వాడకు గాలి తోలే పాత పంకాను పగలంతా ఆపాల్సిందే, లేకపోతే మోటారు కాలిపోతుంది. పంకా ఆగితే కింది వాడలో ఊపిరాడదు. మీది వాడకు వెళ్దామంటే అక్కడ గోడలు పొయ్యిలా ఉంటాయి. గట్టివాళ్లు తట్టుకుంటారు. ఓదెలన్న వాళ్లమ్మ రాజవ్వలాంటి వాళ్లు తట్టుకోలేరు. నిరుడే ఆమె చచ్చిబతికింది.

మధ్యాహ్నం ఓదెలన్న దిగి వచ్చాడు. పట్టీ ఒక్క మేకు జరిపి, గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు దగ్గాడు.

“మంచిగలేవే అన్నా. నాలుగు దినాలు పడుకోరాదు,” అన్నాను.

“పడుకుంటే పట్టీ ఎవడు జరుపుతడు చెల్లె, నువ్వా?” అని నవ్వాడు. “మా అవ్వకు మాటిచ్చిన. రోహిణి గీత దాటకముందే నీ మంచం కాడికి గాలి తెస్తనన్న.”

ఇంకా మూడు మేకులు మిగిలాయి.

కృత్తిక కార్తె, బుధవారం

నీళ్ల వరుసలో పొద్దంతా పోయింది. ముందు నిలబడ్డ ఇద్దరు బిందెల కోసం జుట్లు పట్టుకున్నారు, వాళ్లను విడదీసి వచ్చేసరికి సాయంత్రమైంది. వచ్చి చూద్దును కదా, ఓదెలన్న పట్టీ చివరి మేకు మీద ఉంది! వాళ్లావిడ కనకవ్వ ఆయన్ను పట్టుకుని తీసుకొచ్చిందట, జరిపి వెళ్లిపోయారట. పైన ఉండేవాడు వారానికొకసారి దిగుతాడు, రెండు మూడు మేకులు ఒకేసారి జరపడం మామూలే.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సదానందాన్ని పిలిచి చూపించాను. “అయితే మంగళవారం పేల్చుడే అక్కా,” అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. కింది వాడ ఆడవాళ్లు వచ్చి పట్టీకి దూరం నుంచే దండం పెట్టారు.

కృత్తిక కార్తె, గురువారం

ఓదెలన్న పొద్దు పొడవకముందే పోయాడు. నిద్రలోనే పోయాడంటున్నారు.

రాజవ్వను చూడలేకపోయాను. ఏడవడానికి కూడా ఊపిరి చాలడం లేదు ఆమెకు. కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

జట్టు పెద్ద పోతే పదకొండు రోజులు ఆ పట్టీని ఎవరూ కదపకూడదు. అతని చెయ్యి ఇంకా దాని మీదే ఉందని మా నమ్మకం. అతని జట్టు కూడా ఆ పదకొండు రోజులు పైనేల గుడిసెలోనే మైల పాటిస్తుంది, కిందికి దిగదు. పని ముగించి మరీ పోయాడు, మహానుభావుడు, అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

కృత్తిక కార్తె, ఆదివారం

ఇది రాయకూడదేమో. అయినా రాస్తాను.

గోడకు సున్నం అయిపోయిందని తెల్లవారుజామున పైకి వెళ్లాను. సూర్యుడు రాకముందే తెచ్చుకోవాలి. సున్నం కుప్ప పక్కనే ఓదెలన్న జట్టువాళ్ల గుడిసె. జట్టులో ఓదెలన్న తరవాతివాడు ఐలయ్య బయట కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“దగ్గరికి రాకక్కా, మైల.”

“రాను గానీ, తిన్నరా? బుట్టల పంపిన గటక అందిందా?”

“అందింది. పెద్దమనిషి పోయినంక ముద్ద దిగుతలేదు. దినాలయినంక ఆ మూడు వరుసలు కట్టేస్తే ఆయన రుణం తీరినట్టు.”

“ఏ మూడు వరుసలు?”

“రాతికట్టువే. ఇంక మూడు వరుసలున్నయి కదా.”

సున్నం గంప కింద పడేశాను. “అయ్యో ఐలయ్యా, పట్టీ చివరి మేకు మీదున్నదిరా! ఎల్లుండి మా తమ్ముడు పేలుస్తున్నడు!”

వాడు మైల మరిచి నా దగ్గరికి రాబోయి ఆగాడు. “ఎవరు జరిపిన్రు?” అన్నాడు. ఎవరు జరుపుతారు? ఆయన చెయ్యే జరిపింది.

దిగీదిగగానే కనకవ్వ వదిన దగ్గరికి వెళ్లాను. నేను అడగకముందే ఆమెకు అర్థమైంది.

“నేనే మోచెయ్యి పట్టుకున్న,” అంది. “నిలబడస్తలేదు ఆయనకు. ‘నేను పోతే పదకొండు దినాలు దీన్ని ఎవ్వరు ముట్టరు, పని ఆగుతది, మా అవ్వ రోహిణి దాటది’ అన్నడు. ‘మూడు వరుసలే గద, మైల పట్టకుంట కట్టుండ్రని పొద్దుగాల పోయి మనోళ్లకు చెప్పొస్త’ అన్నడు. పొద్దుగాలకు మనిషే లేడు.”

“మరి నువ్వన్న చెప్పద్దా వదినా!”

“నాకేం తెల్సు? ఆళ్లు కడుతున్నరే అనుకున్న. ఆయన చెప్పిండో లేదో, నాకా సోయి ఉన్నదా?”

“సరే. ఇప్పుడు వచ్చి పట్టీ వెనక్కి జరుపు. ఇంటిదానివి, నీకు హక్కుంటది.”

ఆమె మొహం మారిపోయింది. “వెనక్కా? ఏ పట్టీ అయినా ఎన్నడన్న వెనక్కి జరిగిందా కౌసల్యా? దినాలు కూడ కాలే. అందరి ముందట నా మొగన్ని అబద్ధాలకోరును చేయమంటవా? నాతోటి కాదు. నువ్వు ముట్టినా నేను ఊకోను.”

వచ్చేశాను. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. చచ్చిపోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను దారి పొడుగునా ఓదెలన్నను తిట్టుకుంటూనే నడిచాను. ప్రేమ ఉంటే మాత్రం గోడ మీద అబద్ధం పెడతావా? తెరకూ నీకూ తేడా ఏముంది?

సాయంత్రం సదానందానికి చెప్పాను. వాడు నన్ను నమ్మాడు, అదొక్కటే ఊరట. కానీ తల అడ్డంగా ఊపాడు.

“పట్టీ కదిలితేనే ఆగుత అక్కా.”

“చస్తవురా!”

“ఆగితే? రోహిణి మీదికొచ్చింది. పట్టీ చివరి మేకు మీదుండంగ నేను వెనకకు పోతే కింది వాడోళ్లు ఏమంటరు? అక్క తమ్మున్ని కాపాడుకుంటందుకు చచ్చినోని మీద నింద ఏసిందంటరు. ఐలయ్య కిందికి రాడు, వదిన నోరు తెరవది. నీ నోటిమాటకు, నా నోటిమాటకు పని ఆగదు. ఆ కట్టుబాటు లేకుంటే గోడ ఎందుకు?”

ఆ కట్టుబాటు వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే. ఇప్పుడు ఏమని కాదంటాను?

కృత్తిక కార్తె, సోమవారం

నిద్రలేదు. నేనే జరిపేద్దామని గోడ దాకా వెళ్లాను, చెయ్యి ఎత్తాను, దించేశాను. కాపరి ముట్టిందని తెలిస్తే రేపటి నుంచి ఏ పట్టీనీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మళ్లీ ఏ తూర్పు సొరంగమో కూలుతుంది. అదీ భయమే, తమ్ముడూ భయమే.

చివరికి చేయకూడని పనే చేశాను. రాజవ్వ దగ్గరికి వెళ్లాను. కొడుకు పోయి నాలుగు రోజులు కాని తల్లిని అడగవలసిన మాటేనా అది! గాలి ఆలస్యమైతే ముందు పోయేది ఆమే. ఆమెతోనే చెప్పాలి, ఆలస్యం చెయ్యమని.

గురకలాంటి ఊపిరి తీస్తూనే అంతా వింది.

“ఎంతమంది ఆ జట్టుల?” అంది.

“తొమ్మిదిమంది అవ్వా. మా సదానందంతోటి.”

“నీ తమ్ముడని వచ్చినవా?”

“అవును,” అన్నాను. “వాడు లేకుంటే ఇంత ధైర్యం చెయ్యకపోదునేమో. దాచి ఏం లాభం?”

“మంచిది. నిజం చెప్పినవ్. నన్ను లేపు.”

సదానందమే వీపున మోసుకొచ్చాడు. గోడ ముందు జనం పోగయ్యారు. ఒకామె నాకు వినబడేట్టే అంది, “చూడుండ్రి, తమ్మునికోసం ముసలిదాన్ని గుంజుకొచ్చింది.” నేను మాట్లాడలేదు. నా జన్మలో మాట్లాడకుండా ఊరుకున్నది అప్పుడే కావచ్చు.

కనకవ్వ వదిన పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. “అత్తా, ముట్టకు! ఆయన చెయ్యి ఉన్నది దాని మీద!”

రాజవ్వ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది. “ఉన్నది బిడ్డా. ఆ చెయ్యి పట్టుకొని నడక నేర్పిన చెయ్యే ఇది. నా కొడుకు అబద్ధమాడిండు. నాకోసమే ఆడిండు. నేను వాన్ని చెడ్డోడంటలేను. కాని నా ఊపిరి కోసం తొమ్మిదిమంది తల్లులు నా లెక్క కూసోవద్దు.”

ఆమె పట్టీని విప్పి ఒక మేకు వెనక్కి కట్టింది. మళ్లీ విప్పింది. వేళ్లు సహకరించడం లేదు, అయినా ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. మూడో మేకుకు ముడివేశాక కనకవ్వ వదిన నేలమీద కూర్చుని గొల్లుమంది. అప్పటిదాకా ఆమె మొగుడి కోసం అంత ఏడవలేదు.

“రోహిణి గీత ఏదీ?” అంది రాజవ్వ నాతో. చూపు ఆనదు ఆమెకు. చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టాను. వేలితో తడిమింది. వరుస మీద వెనక్కి తడుముకుంటూ పట్టీ దాకా వచ్చింది, మళ్లీ గీత దాకా వెళ్లింది. ఎంత దూరముందో ఆమెకు తెలిసింది.

“ఇగ పోయి కట్టమనుండ్రి. మైల నేను తీసేసిన,” అంది.

కృత్తిక కార్తె, శనివారం

పైన పని మొదలైంది. ఐలయ్య తన అంగీలోంచి పట్టీ చింపి ఓదెలన్న పట్టీ పక్కనే కట్టాడు. వాళ్లు ఎంత తొందరపడ్డా సున్నం ఆరడానికి తొందరేముంటుంది? ఒక వరుస ఆరితేగానీ రెండోది పెట్టకూడదు. ఒక్క మేకు జరిగింది.

సదానందం పేలుడు మందు పెట్టెలు కట్టి పక్కన పెట్టేశాడు. వాడు అన్నం ముందు కూర్చుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. “ఏంది అక్కా అట్ల చూస్తున్నవ్?” అన్నాడు. “ఏం లేదు, మెతుకులు కింద పోస్తున్నవ్,” అని కసిరాను.

రోహిణి కార్తె, గురువారం

పాత పంకా పగలు ఆపేశారు. కింది వాడ ఖాళీ చేసి జనాన్ని మీది వాడ ఇళ్లలో సర్దాం. నా రెండు గదుల్లో మూడు కుటుంబాలు. వంట చేస్తే వేడి పెరుగుతుందని పొద్దున్నే ఒక్కసారి గటక కాచి రోజంతా అదే తాగుతున్నాం. గోడలు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. పిల్లలు పోట్లాడుకునే ఓపిక కూడా లేక పడుకుంటున్నారు.

రాజవ్వను, కనకవ్వ వదినను మా ఇంట్లోనే పెట్టుకున్నాను. వదిన నాతో మాట్లాడదు, కానీ నేను అత్తకు నీళ్లు పడుతుంటే తల ఎత్తి పట్టుకుంటుంది.

నేను గోడ దగ్గర్నుంచి రాగానే రాజవ్వ రోజూ అడిగేది ఒకటే. “ఏడిదాక వచ్చింది?”

“రెండో మేకు మీదున్నదవ్వా. ఇంక ఒక్కటే ఉన్నది.”

“నిజమేనా?”

“నీ తోడు.”

“నువ్వు చెప్తే నమ్ముత. నా కొడుకు లెక్క చెయ్యకు,” అని నవ్వుతుంది. నవ్వితే దగ్గొస్తుంది.

రోహిణి కార్తె, రెండో శుక్రవారం

గాలి వచ్చింది.

పొద్దున ఐలయ్య తన పట్టీ చివరి మేకుకు కట్టాడు. దాని పక్కనే ఓదెలన్న పట్టీని కనకవ్వ వదిన తన చేత్తో జరిపింది. మధ్యాహ్నం సదానందం పేల్చాడు. చప్పుడుకు ఊరంతా అదిరింది, నేను చెవులు మూసుకుని వాడి జట్టులో ఒక్కొక్కళ్ల పేరూ అనుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదిమందీ తెల్లటి దుమ్ములో మునిగి బయటికి వచ్చారు. తమ్ముణ్ణి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను, సిగ్గులేకుండా. సాయంత్రం గాలి బావికి పెట్టిన కొత్త పంకా తిరిగింది. కింది వాడవాళ్లు చాపలు చంకన పెట్టుకుని దిగిపోయారు.

మంగళవారం సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. వదిన అడిగింది, “ఆఖరుకు ఏమన్నదే మా అత్త?” అని, నాతో మాట్లాడడమే ఆ మాటతో మొదలుపెట్టింది. నిద్రలో పోయిందని చెప్పాను. ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

వదిన నీళ్లకు వెళ్లింది. రాజవ్వ పెదవులు నీలంగా అయ్యాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను లెక్కపెట్టుకోవలసినంత ఆలస్యం. ఒక్కసారి కళ్లు తెరిచి నా కొంగు పట్టుకుంది.

“ఏడిదాక వచ్చింది?”

సున్నం ఇంకా ఆరలేదు. చివరి మేకు ఖాళీగానే ఉంది. అది చెప్పాలి. రోజూ చెప్తూనే వచ్చాను. గోడ కాపరిని నేను. ఆ నోటితోనే కదా ఓదెలన్నను అన్ని తిట్లు తిట్టాను.

“అయిపోయిందవ్వా,” అన్నాను. “పేల్చిన్రు. గాలొచ్చింది.”

“వచ్చిందా?”

“వచ్చింది. చూడు.”

మూలనున్న చేట తీసుకుని, ఆమె తల వెనక కూర్చుని విసరడం మొదలుపెట్టాను. ఆమె నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి. ముఖం తేటపడింది. కళ్లు మూసుకుని ఆ గాలిని తాగినట్టు నోరు కొద్దిగా తెరిచింది.

“సల్లగున్నది,” అంది.

విసురుతూనే ఉన్నాను. నా ఏడుపు వినబడకుండా పళ్లు బిగపట్టి విసిరాను. భుజాలు పడిపోతున్నాయి. ఆమె కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి నా మోకాలి మీద పెట్టింది.

“నీ రెక్కలు నొస్తయి బిడ్డా,” అంది. “ఇగ ఆపు.”

నేను ఆపలేదు.